చిన్నవ్వ ఇంటి తలుపు

హమ్రియా, మస్కట్
జూన్ 1995

మా వార్డు కౌన్సిలర్ వదినెకు,

క్షేమ సమాచారం చివర రాస్త. ముందు కోపం రాస్త, అది ఆగేటట్టు లేదు.

నువ్వు గెలిచినవని పోయిన శుక్రవారం తెలిసింది. రూమ్‌ల అందరం మళ్ళ మళ్ళ చాయ్ పెట్టుకొని తాగినం. ఊరగాయ డబ్బా అడుగున నువ్వు పరిచి పంపిన కరపత్రాలు మొత్తం చదివిన. నూనె మరక పడ్డ కాడ ఏం రాసి ఉంటదో ఊహించుకున్న. ఊహించుకున్నదే ఎక్కువ బాగుంది. అధికారం జనం చేతికి వచ్చిన రోజు జనం ఊకె కూసోవద్దు. ఇది కరపత్రంల ఉన్నదో నేను అనుకున్నదో గుర్తు లేదు, నిజమైతే నిజమే.

ఇగ కోపం సంగతి. ఈ శుక్రవారం సెలవు గదా అని ఖబూరాకు పోయిన, మన గల్లీ ఇస్తారన్నను చూద్దామని. సముద్రం ఒడ్డు తోటల ఖర్జూరాలకు, నిమ్మచెట్లకు నీళ్ళు పెడుతడు. నేను పోయేసరికి నీళ్ళు మడి తప్పి దారి మీదికి పారుతున్నయ్, ఆయనకు సోయి లేదు. చేతిల ఊరి ఉత్తరం. వాళ్ళ అవ్వ, మన చిన్నవ్వ, ఎవరితోనో రాయించింది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి ఆమె ఇంటి తలుపు ఊడదీసి బండి మీద వేసుకపోయిన్రట! స్పెషల్ పన్ను కట్టలేదని జప్తు అట! ముసలామె గుమ్మానికి పాత చీర కట్టుకొని ఉంటున్నది. కుక్కలు లోపలికి వస్తున్నయట.

వదినె, ఆ స్పెషల్ పన్ను సంగతి నీకు నేను చెప్పాల్నా? ఆరేండ్ల కింద మన ఊరి మస్కట్ గల్లీ మొత్తాన్ని స్పెషల్ ఏరియా అన్నరు. ఇంటి పన్ను మీద ఇంకో పన్ను. మురుగుకాల్వ కడుతం, లైట్లు పెడుతం అన్నరు. ఇక్కడి పైసలతో స్లాబులు వేసినోళ్ళం గదా, పిండితే కారుతరు అనుకున్నరు. కాల్వ సగం గల్లీ దాక వచ్చి సరిగ్గ చిన్నవ్వ గడప ముందు ఆగింది. గల్లీ నీళ్ళన్నీ ఆమె వాకిట్ల నిలుస్తయ్. కాల్వ ఆగింది గాని పన్ను ఆగలే. నిరుడు ఆమె కట్టనన్నది. ఏం తప్పన్నది?

మొదటి మీటింగ్‌లనే లేచి స్పెషల్ ఏరియా రద్దు చేయాలె అని టేబుల్ గుద్దు. నీకు బిడియమైతే అన్నను కుర్చీల కూసోపెట్టు, చానా ఊర్లల్ల కౌన్సిలరమ్మల భర్తలే మాట్లాడుతున్నరట. ఏం మాట్లాడాల్నో నాలుగు పేజీలు ఇందులోనే పెట్టిన.

కవరు మీద అంజి అని రాయకు, మర్చిపోతవు. కంపెనీ లిస్టుల నేను లింబాద్రిని. ఏజెంటు ఎవరిదో పాస్‌పోర్టు మీద నా ఫోటో అంటించిండు గదా, పేరు ఆయనది మొహం నాది.

నేను క్షేమం. షట్టరింగ్ పనిల గోరు ఒకటి పోయింది, మళ్ళ వస్తది.

ఇట్లు
నీ మరిది అంజి


కాసారంపేట
జులై 1995

మరిది అంజికి,

నీ నాలుగు పేజీలు అందినయ్. రెండో పేజీల నన్ను 'శ్రామిక మహిళా లోకం' అన్నవు. బాగుంది. మీ అన్నకు చదివి వినిపిస్తే, ఆ లోకం ఇంకా బియ్యం కడగలేదేమని అడిగిండు.

మొదటి మీటింగ్‌కు మీ అన్న ఇస్త్రీ అంగీ వేసుకొని నాకంటె ముందే పోయిండు. నేను పోయేసరికి నా పేరు రాసిన కుర్చీల కూసొని ఉన్నడు. కమిషనర్ సార్ చూస్తున్నడు, వైస్ చైర్మన్ చూస్తున్నడు, ఒక్కరూ ఏమంటలేరు.

"లే" అన్న.

"మెల్లగ అను, అందరు వింటున్నరు" అన్నడు.

"అందుకే లే అంటున్న."

లేచిండు పాపం. మీటింగ్ అయ్యేదాక బయట మెట్ల మీద కూసొని నా చెప్పులకు కాపలా కాసిండు. అందుకని ఇకముందు కౌన్సిల్ ముచ్చట ఏదున్నా నాకు రాయి. మాట్లాడేది నేనే.

నువ్వు చెప్పినట్టు టేబుల్ కూడ గుద్దిన. టేబుల్ కదిలింది, ఏరియా కదలలే. వైస్ చైర్మన్ నవ్విండు. కాల్వ కాంట్రాక్టు వాళ్ళ బామ్మర్దిదే గదా, నవ్వక ఏం చేస్తడు. "అమ్మా, తీర్మానంతోని పుట్టింది తీర్మానంతోనే పోవాలె. గుద్దితే పోదు" అన్నడు. మంచిమాటే చెప్పిండు, తెలియక చెప్పిండు. ఆ పుట్టించిన తీర్మానమేదో చూపించమని రికార్డు రూమ్‌కు పోయిన. రేపు రా అన్నరు. పోయిన. మళ్ళ రేపు రా అన్నరు. చివరికి బీరువా ముందు పీట వేసుకొని కూసున్న, వాళ్ళే తీసి ఇచ్చిన్రు. అందుల ఒక మాట నీకోసం ఎక్కించుకొచ్చిన:

"సదరు ప్రాంతమున ప్రత్యేక పన్ను చెల్లించువారిలో సగముకంటె ఎక్కువమంది లిఖితపూర్వకముగా కోరినచో, బహిరంగ విచారణ జరిపి, కౌన్సిల్ మెజారిటీ తీర్మానముచే ఆ ప్రాంతమును రద్దు చేయవచ్చును."

అంటే ముందు కాగితం, తరువాత విచారణ, ఆఖరుకు చేతులెత్తుడు. ఈ మూడిట్ల ఏది తప్పినా మళ్ళ మొదటికే. మన గల్లీ ఇండ్ల పట్టాలన్నీ మగోళ్ళ పేర్ల మీద, మగోళ్ళేమో అక్కడ. సంతకాల పని నీదే. పెట్టించి పంపు, మిగిలింది నేను చూసుకుంట.

చిన్నవ్వ తలుపు చూసిన. బందెలదొడ్డిల గోడకు ఆనించిన్రు, పట్టుకొచ్చిన మేకల నడుమ. దాని మీద ఆమె పండుగకు పెట్టిన పసుపు ఇంకా ఉంది. ఒక మేక అంచు కొరుకుతుంటె వెళ్ళగొట్టిన. చిన్నవ్వ రోజూ ఆఫీసుకు పోయి తలుపు అడుగుతది. వాళ్ళు రోజూ రేపు రా అంటరు. ఆమె రోజూ రేపు వస్తది.

గోరుకు పసుపు పెట్టు.

నవీన


హమ్రియా, మస్కట్
అక్టోబర్ 1995

వదినెకు,

గెలిచినం! ఇంకా గెలవలేదు అంటవు, నాకు తెలుసు. నేను మాత్రం గెలిచినం అనే రాస్త.

శుక్రవారాలన్నీ దీనికే పెట్టిన. హమ్రియా రూములు అయిపోయినయ్, అల్ మవాలే గోడౌన్ల మూటలు మోసే మనోళ్ళు అయిపోయిన్రు, ఖబూరా తోటలు అయిపోయినయ్. అంత దూరం తిరగను బండి ఎవరిది అనుకున్నవు? పక్క రూమ్‌ల జహీరుద్దీన్ భాయ్ ఉన్నడు, కడపాయన, కంపెనీ పికప్ నడుపుతడు. సామాను దింపను పోయినప్పుడల్ల నన్ను ఎక్కించుకున్నడు. దారిపొడుగున ఒకటే పరాచికం.

"ఏం అబ్బీ లీడరూ, మీ ఊరి మురుగుకాల్వకు ఒమాన్ అంతా తిరగాల్నా? ఆ కాల్వ ఈడికి తవ్వింటే సులువుగా ఉండు గదా."

"భాయ్, ఇది కాల్వ కొట్లాట కాదు, హక్కు కొట్లాట."

"హక్కులో దోమలు పుట్టవులే, మంచిదే. ఎక్కు బండి."

మవాలేల ఒకాయన మొరాయించిండు. పన్ను పోతే లైట్లు పీకేస్తరేమో అన్నడు. నేను లేచి గంటసేపు మాట్లాడిన. చరిత్ర చెప్పిన, పన్నులు కట్టం అని కొట్లాడినోళ్ళ సంగతి చెప్పిన. ఆయన చివరికి "సంతకం పెడుత గని కూసో తమ్మీ, అన్నం తినాలె" అన్నడు. మిగిలినోళ్ళు అడుగంగనే పెట్టిన్రు. జీతం రోజు లైన్ల నిలబడి పెట్టినట్టే, ఒకరి వెనక ఒకరు గబగబ. ఇస్తారన్న మాత్రం మెల్లగ, గట్టిగ పెట్టిండు, కాగితం చిరిగేటట్టు.

సగం ఎక్కడ వదినె, గల్లీ మగోళ్ళల్ల రానోళ్ళు ఇద్దరో ముగ్గురో. మన దిక్కు రాయికల్ పోతున్న ఒకాయన చేతికిచ్చి పంపుతున్న. పోస్టును నమ్మలే. ఆయన దీన్ని బట్టల నడుమ పెట్టుకుంటున్నడు, బంగారం పెట్టుకున్నట్టు.

కమిషనర్ టేబుల్ మీద పెట్టినప్పుడు ఆయన మొహం ఎట్లుందో తప్పకుండ రాయి.

అంజి


కాసారంపేట
డిసెంబర్ 1995

అంజీ,

కాగితం అందింది. కమిషనర్‌కు ఇయ్యలే.

దేవయ్య ఎవరు? నారాయణ ఎవరు? మల్లేశం ఎవరు? మొదట చదివి వేరే గల్లీ వాళ్ళ దగ్గర పెట్టించినవేమో అనుకున్న. అట్టడుగున నీ చేతిరాత చూసిన. లింబాద్రి అని ఉంది.

నువ్వు కూడ చూసుకోలేదు గదా? మీరంత జీతం కాగితం మీద పెట్టే పాస్‌పోర్టు పేర్లే పెట్టిన్రు. చేతులకు అదే అలవాటయింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియక మీ అన్నకు చూపించిన. ఆయన చానాసేపు చూసి, "నా తమ్ముడు సంతకం చేసినా నా తమ్ముడు కాడు" అన్నడు. నవ్వలే.

సరే, అసలు పేర్లతోని మళ్ళ పెట్టిద్దామని కమిషనర్ సార్‌ను ఊకె అడిగినట్టు అడిగిన: బయటి దేశంల ఉన్నోళ్ళ సంతకాలు ఎట్ల సార్ అని. అక్కడి మన ఎంబసీ ముద్ర ఉంటెనే చెల్లుతయ్ అన్నడు. ఎంబసీల పాస్‌పోర్టు చూడకుండ ముద్ర వేస్తరా? నేను నోరు మూసుకున్న. పక్కన వైస్ చైర్మన్ కూసొని ఉన్నడు. పేపర్ల నుంచి తల ఎత్తకుండ, "మీ మరిది ఏ పేరు మీద పోయిండమ్మా?" అన్నడు.

ఆయనకు తెలుసు. ఊరంతటికీ తెలుసు, కాని ఎవ్వరూ గట్టిగ అనరు. మొదటిసారి ఒకడు గట్టిగ అన్నడు. నేను కాగితాలు సంచిల వేసుకొని లేచి వచ్చిన.

నేను మళ్ళ రాసేదాక నువ్వు ఏం చెయ్యకు. ఏం అంటే ఏం కూడ.

నవీన


హమ్రియా, మస్కట్
జనవరి 1996

వదినెకు,

చదివినంక పోయి తల గోడకు కొట్టుకున్న. నాలుగేండ్ల సంది ఎవరిదో పేరు మోస్తున్న, ఇప్పుడు అది నా చేతి లోపలికి పోయింది. ఇంత చదివినోన్ని, నాకు సోయి లేకపాయె!

కాని నువ్వు భయపడుడు నాకు నచ్చలే. వాడు ఏ పేరు మీద పోయిండు అన్నడా? చెప్పుదాం. గట్టిగ చెప్పుదాం. మనం దాచుకుంటున్నం గనుకనే వాని చేతిల కర్ర ఉంది. మోసం చేసింది ఏజెంటు, సిగ్గుపడేది మనమా? అందరం ఒక్కసారి నిజం చెప్పినంక వాడు ఎవరిని బెదిరిస్తడు?

నేను అనుకున్నది ఇది. ఇప్పుడు రంజాన్ నెల. పండుగ సెలవులు అయిపోంగనే, గల్లీ వాళ్ళం అందరం కలిసి ఎంబసీకి పోతం. మా అసలు పేర్లు ఇవి, మా ఇండ్లు ఇవి, ఈ కాగితానికి ముద్ర వెయ్యిన్రి అంటం. ఒక్కన్ని అయితే పట్టుకుంటరు. అందరిని ఏం చేస్తరు? ఏడుగురు వస్తమన్నరు. మిగతావాళ్ళను ఒప్పిస్త. ఇస్తారన్న అందరికంటె ముందు ఒప్పుకున్నడు. "పంపిస్తే పంపియ్యనీ, పోయి మా అవ్వ గుమ్మం కాడ నేనే పండుకుంట" అన్నడు.

జహీర్ భాయ్‌తోని కొట్లాట అయింది. ఇఫ్తార్ కాడ చెప్పిన. ఆయన, "నువ్వు జైలుకు పోతే పో అబ్బీ, నీకు పెండ్లాం బిడ్డలు లేరు. వాళ్ళను యాల తోడు తీసుకుపోతావు?" అన్నడు. పిరికోడివి అన్న. చేతిల ఖర్జూరం అట్లనే పట్టుకొని లేచిపోయిండు. రెండు రోజులాయె, మాట లేదు.

మన ఇండ్ల పన్ను రసీదులు పంపు, ఎంబసీల చూపియ్యాలె. నన్ను ఆపుదామని మాత్రం చూడకు. సంతకాల కాగితం భద్రంగ పెట్టు, రెండు పేర్లు పక్కపక్కన రాసి చూపెడుదాం.

అంజి


కాసారంపేట
ఫిబ్రవరి 1996

అంజీ,

దీన్ని ఎక్స్‌ప్రెస్‌ల వేస్తున్న, పండుగకు ముందే అందాలె. నిలబడి కాదు, కూసొని చదువు.

నువ్వు పంపిన కాగితం పొయ్యిల పెట్టిన. రెండు పేర్లు పక్కపక్కన రాయాలె అన్నవు చూడు, అది చదివి పెట్టిన. ఆ కాగితం ఎవరి చేతిల పడ్డా గల్లీ మగోళ్ళందరిని ఒక్క తాడుకు కట్టినట్టే. అడగకుండ కాల్చిన. అడిగితే నువ్వు ఒప్పుకోవు.

నీ ఉత్తరం చిన్నవ్వకు చదివి వినిపించిన. కొడుకు తన గుమ్మం కాడ పండుకుంట అన్న మాట కాడ ఆపమన్నది. "వాన్ని జైల్ల వేస్తే నాకు తలుపెందుకే? లోపల ఎవరున్నరని వేసుకోవాలె? ఆ అంజిగానికి చెప్పు, నా కొడుకును తోలుకపోతే ఊరికొచ్చిన నాడు వాని కాళ్ళు ఇరగ్గొడుత" అన్నది. ఆమె మాట ఆమె మాటగనే రాసిన.

ఇప్పుడు అసలు సంగతి విను. పోయిన వారం ఇంటి పన్ను, దాని మీది స్పెషల్ పన్ను కట్టను పోయిన. కౌన్సిలర్‌నైనా లైన్ల నిలబడాలె గదా. ముందర అక్తరీ బేగం, వెనక రాములవ్వ, వాళ్ళ వెనక అంత మన గల్లీ వాళ్ళే. గుమాస్తా పిలుస్తున్నడు, "అక్తరీ బేగం, చెల్లించిన్రు. రాములవ్వ, చెల్లించిన్రు." రసీదు మీద ఇంటి నంబరు, కింద కట్టినోళ్ళ పేరు. ఏడాదికి రెండుసార్లు వింటున్న ఈ మాట. ఆ రోజు చెవిల పడ్డది.

తీర్మానంల ఏమున్నది? యజమానులు అని లేదు. పన్ను చెల్లించువారు అని ఉంది. నేనే నీకు ఎక్కించి పంపిన. నువ్వు చదివి మగోళ్ళు అనుకున్నవు, నేను ఎక్కించి కూడ మగోళ్ళే అనుకున్న. పైసలు పంపేది మీరే, కాదంటలేను. కాని ఆరేండ్ల సంది ఎండల నిలబడి కడుతున్నది ఎవరు? పనికిమాలినోళ్ళం ఇద్దరం, ఒమాన్ అంత వెతికినం.

ఇప్పుడు ఇంటింటికి తిరుగుతున్న. రాసెటోళ్ళు రాస్తున్నరు, రానోళ్ళు వేలు పెడుతున్నరు. అక్తరీ బేగం, "మా ఆయనను అడిగి పెడుత" అన్నది. "మొన్న లైన్ల నిలబడ్డప్పుడు అడిగినవా?" అన్న. నవ్వి పెట్టింది. ఇగ ఆమె నాకంటె ముందు నడుస్తున్నది.

ఒక్కటే బాధ. చిన్నవ్వ పేరు రాయరాదు. ముందటేడు సంది కట్టలేదు గనుక ఇప్పటి రసీదు లేదు, లెక్కల ఆమె లేదు. ఆమె ముందే వేలికి సిరా పూసుకొని వచ్చింది. వద్దని చెప్పాల్సి వచ్చింది. తిరిగి పోయేటప్పుడు వేలు చూసుకుంట పోయింది.

నువ్వు ఎంబసీకి పోవద్దు. ఇది నీ వదినెగ చెప్తున్న. వినకుంటే కౌన్సిలర్‌గ చెప్తున్న.

నవీన


హమ్రియా, మస్కట్
మార్చి 1996

గౌరవనీయులైన కౌన్సిలర్ గారికి,

మీ ఆజ్ఞ అందినది.

నా శుక్రవారాలన్నీ పొయ్యిల పెట్టినవు. ఆ మంట మీద కనీసం చాయ్ అన్న కాచినవా? నాకు చెప్పి కాల్చరాదా? ఒప్పుకోకపోదును, నిజమే. అయినా చెప్పరాదా?

నీ ఉత్తరం పట్టుకొని ఖబూరా పోయిన. చూడు అన్నా, మా వదినె ఎట్ల వెనుకకు లాగుతున్నదో అని ఇస్తారన్నకు చూపెడుదామని. ఆయన తోట గట్టు మీద కూసొని చదివిండు. వాళ్ళ అవ్వ మాట వచ్చినకాడ మళ్ళ మళ్ళ చదివిండు. తరువాత నవ్విండు వదినె. ఇన్ని నెలలల్ల ఆయన నవ్వుడు నేను చూడలే. "నీ కాళ్ళు ఇరగ్గొడుతదట. మా అవ్వ మంచిగనే ఉన్నది" అన్నడు. లేచి పోయి నీళ్ళు నిమ్మచెట్లకు తిప్పిండు, ఒక్క చుక్క దారి మీద పడకుండ. "ఎంబసీ వద్దులే తమ్మీ. నేను వస్త అన్నది నీ మొహం చూసి. నువ్వు వద్దంటవేమో అని చూసిన" అన్నడు.

నేను ఆయన మొహం చూడలేకపోయిన.

వచ్చి జహీర్ భాయ్ రూమ్‌కు పోయిన. ఈద్‌కు మిగిలిన సేమ్యా గిన్నె నా ముందు పెట్టిండు. "జైలు రద్దయిందా లీడరూ?" అన్నడు. "రద్దయింది" అన్న. "అయితే తిను. పిరికోళ్ళు వండిందైనా తియ్యగానే ఉంటాది" అన్నడు. తిన్న.

కోపం పోయిందనుకోకు. కొంచెం ఉంచుకున్న, పనికొస్తది.

ఇప్పుడు నా మాట కూడ ఒకటి విను. కార్మికసంఘాల మీటింగుల గురించి నా దగ్గర చిన్న పుస్తకం ఉంది, దాంట్ల చదివిన. ఓడిపోతమని తెలిసినోడు ఓటు వెయ్యడు, లేచిపోతడు. మనుషులు తక్కువైతే మీటింగ్ చెల్లదు, తీర్మానం చెల్లదు, మళ్ళ నోటీసు, మళ్ళ తారీకు. నువ్వే అన్నవు గదా, ఏది తప్పినా మళ్ళ మొదటికే అని. ఆ వైస్ చైర్మన్ అదే చేస్తడు, చేతిల రాసి ఇస్త. ఆ రోజు ఓట్లు లెక్కపెట్టుకుంట కూసోకు. హాలు తలుపు కాడ చూసుకో.

ఇట్లు
కాళ్ళు ఇంకా బాగున్న
అంజి


కాసారంపేట
ఏప్రిల్ 1996

అంజీ,

ఇస్తారిని, జహీరుద్దీన్ భాయ్‌ని పక్కన కూసోపెట్టుకొని చదువు. గట్టిగ చదువు.

గల్లీల నూటికి ఎనభై మంది కట్టెటోళ్ళు సంతకాలు పెట్టిన్రు. కమిషనర్ సార్ ఒక్కొక్క రసీదు చూసిండు. కొందరు రసీదులు కొంగుల కట్టుకొచ్చిన్రు, కొందరు పప్పు డబ్బాల నుంచి తీసిన్రు, అక్తరీ బేగం ఆరేండ్లవి దారంతోని కుట్టుకొని ఉన్నది. ఆయన ఏ ఒక్కటీ పక్కన పెట్టలే. చెల్లుతది అని రాసిండు. విచారణ అని టముకు వేయించిన్రు, గోడలకు కాగితం అంటించిన్రు.

విచారణ రోజు హాలు నిండ మనోళ్ళే. వైస్ చైర్మన్ లేచి, "ఇండ్లు మగోళ్ళవి, వీళ్ళకేం హక్కు? యజమానులు వచ్చి చెప్పనీ" అన్నడు. నేను లేద్దామనుకుంటున్న, రాములవ్వ వెనక నుంచి, "పన్ను తీసుకునేటప్పుడు యజమాని ఏడి అని అడిగినవా కొడుకా?" అన్నది. అందరు నవ్విన్రు. కమిషనర్ సార్ పెన్ను కింద పెట్టి నవ్విండు. నీ కాల్వ ముచ్చట నేను చెప్పిన: ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎవరి వాకిట్ల నీళ్ళు నిలుస్తున్నయ్. టేబుల్ గుద్దలే.

ఓటు పెడుదామనేసరికి నువ్వు రాసిందే అయింది. వైస్ చైర్మన్ కండువా సర్దుకొని లేచిండు, ఆయన వెనక ఆయన మనుషులు లేచిన్రు. వాళ్ళు పోతే మేము చాలం. నేను ఇద్దరు కౌన్సిలర్లను తలుపు దగ్గర కూసొమ్మని ముందే చెప్పిపెట్టిన గాని, వాళ్ళు ఆయనను చూడంగనే పక్కకు జరిగిన్రు.

హాలు తలుపు రెక్కలు బార్లా తెరిచి ఉన్నయ్. నడుమ గడప మీద చిన్నవ్వ కూసొని ఉన్నది. లెక్కల లేనిది గదా, లోపల కుర్చీ ఇయ్యలే, అందుకని అక్కడ కూసున్నది. అటు చెంబు, ఇటు చేతికర్ర.

"జరుగు ముసలిదానా" అన్నడు.

"నా ఇంటికి తలుపు లేదు. మీరు తీసుకపోయిన్రు. అది వచ్చేదాక ఈ తలుపుకు నేనే రెక్కను" అన్నది.

పెద్దింటామె కాదు, పదవి లేదు, ఒక్క ముసలామె. కాని గడప మీద కూసున్న ముసలామెను దాటి ఎట్ల పోతరు? ఆయన కాలు లేపిండు. ఆయన అవ్వ వయసు ఆమెది. హాలు మొత్తం ఆ కాలు దిక్కే చూస్తున్నది, అది కూడ చూసుకున్నడు. దించిండు. వెనకకు వచ్చి కూసున్నడు. ఆయన కూసుంటె అందరు కూసున్నరు.

చేతులెత్తమన్నరు. మా దిక్కు వాళ్ళందరు ఎత్తిన్రు. ఆయన దిక్కు నుంచి కూడ ముగ్గురు ఎత్తిన్రు, చిన్నవ్వ ఇంకా లేవలేదు మరి. తీర్మానం చదివిన్రు: ఈ నెల మొదటి తారీకు సంది మస్కట్ గల్లీ స్పెషల్ ఏరియా రద్దు. స్పెషల్ పన్ను ఇగ వసూలు చెయ్యరు. మిగిలిన కాల్వ మున్సిపాలిటీ తన పద్దుల నుంచి పూర్తి చెయ్యాలె. ఆ పన్ను కింద జప్తు చేసిన సామాను తిరిగి ఇయ్యాలె. కింద సంతకాలల్ల నాది కూడ ఉంది, నా పేరు మీదనే.

తెల్లారి అదే బండి మీద తలుపు వచ్చింది. వానలకు ఉబ్బింది, అంచు మేకలు తిన్నయ్. చౌకట్ల పడలే. మీ అన్న మధ్యాహ్నం దాక చిత్రిక పట్టి సరిచేసిండు. మూలకు ఒక సందు మిగిలి గాలికి కొట్టుకుంటున్నది. చిన్నవ్వ మడిచి ఆ సందుల పెట్టను మందం కాగితం అడిగింది. నీ నాలుగు పేజీలు ఇచ్చిన. కోపం చేసుకోకు, అవి బాగ నిలబడ్డయ్. బయట నిలబడి చూస్తే 'మహిళా లోకం' కనబడుతది.

అప్పుడే బిల్ కలెక్టర్ వచ్చిండు, తలుపు ముట్టినట్టు వేలిముద్ర కావాలట. ఆయన సిరాపెట్టె తీసేలోపల చిన్నవ్వ లోపలికి పోయి తలుపు వేసుకున్నది. గడియ పెట్టిన చప్పుడు మాకందరికి వినబడ్డది.

ఆయన తలుపు కొట్టిండు.

"ఎవరు?" అన్నది లోపలి నుంచి. ఏడాది సంది ఆ మాట అనే పని లేకుండె ఆమెకు, చీర పక్కకు జరిపి ఎవరు పడితే వాళ్ళు వచ్చెటోళ్ళు.

"మున్సిపాలిటీ నుంచి వచ్చిన అవ్వా."

లోపల చెంబు కింద పెట్టిన చప్పుడు వినబడ్డది. తరువాత మెల్లగ, తీరుబడిగ అన్నది:

"రేపు రా."

నవీన